ఒక్క గుత్తి

ఆదివారం, మార్చి 29

పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్తే, హైడ్రాంజియా పూలమొక్క కుండీలో గోడవైపు కొమ్మకి ఒక గుత్తి కనిపించింది. ఒకే ఒక్కటి. నిరుడు ఈపాటికి ఐదు.

మిగతా నాలుగూ ఏమయ్యాయో నాకు తెలుసు. మొన్న దసరా తర్వాత, పైడితల్లమ్మ సిరిమానోత్సవం మర్నాడు మావయ్యగారు గులాబీలు కత్తిరిస్తూ, అదే ఊపులో దీన్నీ జానెడెత్తున కొట్టేశారు. నేను లోపల చుట్టాలకి వడ్డనలో ఉన్నాను. గులాబీ కొత్త చిగురుకి పూస్తుంది, కొట్టినకొద్దీ మంచిదే. దీని సంగతి వేరు. వేసవిలో పూసే మొగ్గ అంతకుముందు చలి మొదలయ్యేనాటికే కొమ్మ కొసన కూర్చుని ఉంటుంది. కొస తీస్తే పువ్వు పోయినట్టే. గోడకి ఆనుకున్న కొమ్మకి కత్తెర అందలేదు కాబట్టి బతికింది.

"ఆకు దిట్టంగానే వొచ్చింది కదమ్మా, ఏటి తక్కువైంది దీనికి?" అన్నారు ఆయన. ఆయన దృష్టిలో ఇది కాబేజీ పువ్వు. మూడేళ్లుగా ఆ పేరే.

గుత్తిని దగ్గరగా చూశాను. ఇంకా సగం పచ్చగానే ఉంది, అంచులకి మాత్రం గులాబీ రంగు దిగుతోంది. ఒక్కో పువ్వుకీ నాలుగు రేకులు, మధ్యన ఆవగింజంత బొడిపె. రేకులంటున్నాను గానీ అవి రక్షకపత్రాలు, అసలు పువ్వు ఆ బొడిపే. అందుకే వారాల తరబడి రాలవు.

కడియం నర్సరీ నుంచి తెచ్చినప్పుడు ఇది చక్కటి నీలం. రెండో ఏడాది వంకాయ రంగులోకి తిరిగింది, మూడో ఏడాదికి గులాబీ. నర్సరీవాడు మోసం చేశాడని చాన్నాళ్లు తిట్టుకున్నాను, పాపం. తప్పు మా బోరు నీళ్లది. కుండీ అంచు చుట్టూ సున్నం వేసినట్టు తెల్లటి చార కట్టింది, గోరుతో గీకితే పొడిగా రాలుతుంది. మట్టి పులుపుగా ఉంటేనే అందులోని అల్యూమినియం వేళ్లకి అందుతుంది, అప్పుడే నీలం. సున్నపు నీళ్లు పోస్తూ పోతే గులాబీయే. దానికి తోడు మావయ్యగారు గులాబీలతో పాటు దీనికీ గుప్పెడు డీఏపీ ఎరువు చల్లేస్తారు. అందులోని భాస్వరం ఉన్న కాస్త అల్యూమినియాన్నీ పట్టేసుకుంటుంది. ఈసారి వానాకాలం డాబా గొట్టం కింద డ్రమ్ము పెట్టాలి. అల్యూమినియం ఉండే పటిక కరిగించిన నీళ్లు కూడా కొంచెం కొంచెం పోసి చూడాలి. ఎక్కువైతే వేళ్లు మాడతాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఎప్పటిలాగే నాటకం. సువర్ణరేఖ మామిడి నీడలోనే ఉన్నా హైడ్రాంజియా ఆకులన్నీ జ్వరమొచ్చిన పిల్లలా వేలాడేశాయి. అత్తయ్య చెంబు తీసుకుని పరుగు. నేను ఆపి వేలు మట్టిలో దింపాను, రెండో కణుపు దాకా తడే. మొదటి మొక్కని ఇలాగే జాలిపడి జాలిపడి వేళ్లు కుళ్లబెట్టి చంపుకున్నాను. సాయంత్రం ఐదున్నరకి, ఎవరూ చుక్క పొయ్యకుండానే, నిటారుగా నిలబడింది. అత్తయ్య మొక్కవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయారు.

దీపాలు పెట్టేవేళ పాత చీర అంచు చింపి, కొమ్మకొక పీలిక చొప్పున ఎర్రగుడ్డ కట్టాను, కత్తెర పట్టుకొచ్చినవాళ్ల కంట పడాలని. మావయ్యగారు వాకిట్లో కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు.

"దిష్టికేటమ్మా?"

"అవునండీ, దిష్టికే."