కొండకి కాదండీ, ఇంటికే

ఆఫీసు బయట చెయ్యెత్తితే చాలు, ఆటో ఆగీ ఆగకముందే "యాడికి నా, అలిపిరికా?" అంటారు. ఎమ్మార్ పల్లి అంటే ముఖం కాస్త దిగుతుంది. తిరుపతిలో భుజాన బ్యాగున్న ప్రతివాడూ కొండకెళ్లేవాడి కిందే లెక్క. కాకినాడలో మావాళ్లదీ అదే వరస. ఉద్యోగం ఇక్కడంటే "అయితే రోజూ దర్శనమే!" అని మురిసిపోతారు. ఇంకా పైకే వెళ్లలేదని ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారుజామున నిద్రపట్టక బండేసుకుని బస్టాండు దగ్గరికి టీకి వెళ్లాను. అప్పటికే అంగళ్లన్నీ తెరిచి, పట్టపగల్లా ఉంది. పక్క బల్ల మీద కొత్త గుండ్లతో ఒక కుటుంబం. గంధం ఎండి చిన్నపిల్లాడి నుదుటి మీదకి పెచ్చులుగా రాలుతోంది. వాళ్ల నాన్న ఎత్తుకోబోతే వాడు ఆ గుండు చూసి ఒకటే ఏడుపు, గొంతు వినిపించాక గానీ చేతుల్లోకి వెళ్లలేదు. టీ చల్లారిపోయినా చూస్తూ కూర్చున్నాను.

ఎండ సంగతి చెప్పాలంటే, మా వైపు ఉక్కపోత, ఇక్కడ మాడు పగలడమే. వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలట. పొద్దుగూకినా కొండవైపు నుంచి వేడి గాలే. "నవంబరు రానీ నాయనా, వాన చూద్దువు గానీ" అంటుంది ఓనరమ్మ. మాకు ఆషాఢ శ్రావణాల్లో పడే వాన వీళ్లకి ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. కపిలతీర్థంలో జలపాతం దూకేదీ అప్పుడే. 2021 నవంబరులో వీధులు ఏరులైన కథ ఆవిడ ఎవరొచ్చినా మొదలుపెడుతుంది.

సాయంత్రం పిన్ని ఫోను, వచ్చే నెల దర్శనం టికెట్లు చూడమని. అందరిలాగే ఆన్‌లైన్లో పట్టుకోవాల్సిందే అంటే నమ్మదే! ఫోను పెట్టేశాక ఓనరమ్మ చెప్పింది, నెలలో మొదటి మంగళవారం స్థానికులకి దర్శనం ఇస్తారని. కానీ ఆధార్‌లో ఇక్కడి అడ్రసు ఉండాలి. నాది ఇంకా కాకినాడే.

"మే నెలలో గంగమ్మ జాతరకి మాత్రం ఊరికి పోతానని లీవు పెట్టేవు" అంది వెంటనే. చాటింపు వేశాక ఊళ్లోవాళ్లు రాత్రిపూట పొలిమేర దాటి ఉండకూడదట. నేను ఊరివాణ్ని కాదుగా అన్నాను.

"చాటింపుకి ఆధార్ ఎవరడుగుతారు!" అంటూ ఊరుబిండి గిన్నె నా చేతికిచ్చింది. కారం మండిపోతోంది, రెండోసారి వడ్డించుకున్నాను.