చెంప గుడ్డ, కంటి జేబు

సోమవారం, రాత్రి 10.

పొద్దున మొఖం కడుగుతుంటె కన్ను లేని గుంతలకెల్లి షెల్ జారి సింకుల పడ్డది. గుండె గుభేలుమన్నది. రూపాయి బిళ్ళంత ఉంటది, గాజులెక్క కనవడే ప్లాస్టిక్ చిప్ప, నడుమ చిన్న బొక్క. డాక్టర్లు కన్ఫార్మర్ అంటరు. అది బయటుంటె లోపల కొత్తగ కుట్టిన జాగ దగ్గరికి ముడుసుకపోతదని మరీ మరీ చెప్పి పంపిండ్రు. చేతులు సబ్బుతోని కడుక్కొని, చిప్పను కాగి చల్లారిన నీళ్ళతోని కడిగి, అద్దం ముంగట నిలవడ్డ. పై రెప్ప లేపి లోపలికి నూకిన, కింది రెప్ప కొంచెం గుంజిన. కూసున్నది. రెండు నెలల కింద అయితె ఎంత గుంజినా కూసునేది కాదు. కింది రెప్ప ఎనక సందే లేకుండె.

తప్పు నాదే. పదకొండేండ్లప్పుడు చిర్రగోనె తగిలి కన్ను పోయింది. గుడ్డు తీసేసి గుంతల గోలి పెట్టిండ్రు, పైన పెట్టుకునే కన్ను ఇచ్చిండ్రు. పిల్లలు పుట్టినంక, పుసి కడుతున్నదని దాన్ని తీసి డబ్బల పడేసిన. ఏండ్లు గడిచినయి. మళ్ళ పెట్టుకుందామంటె పట్టలే. రెప్పల లోపల కంజంక్టైవా అని సన్న పొర ఉంటది, అది కుదించుకపోయిందట.

హైదరాబాద్ల డాక్టరమ్మకు నేను టైలరునని చెప్తె నవ్వింది, "అయితె మీకు జల్ది సమజైతది" అని. చెంప లోపలి పొర కోసి, రెప్ప ఎనక జేబు కుడతరు. తొడ తోలు ఎందుకు వద్దంటె, అది పొట్టు రాలుతది, వాసనొస్తది. నోటి పొర కంటి లెక్కనే తడిగ ఉంటది. పెట్టినంక కొంత ముడుసుకుంటది గనక కొలతకంటె పెద్దదే తీస్తరు. కాటన్ గుడ్డ తడపకుండ కత్తిరిస్తె ఏమైతదో నాకు చెప్పాల్నా? కుట్లను రెప్ప కింద చర్మంలకెల్లి బయటికి తీసి, చిన్న పైపు ముక్కల మీద ముడేసింది, గుడ్డ చినగకుండ గుండీ కింద పట్టీ ఏసినట్టు. పనితనం ఉన్న చెయ్యి.

మధ్యాహ్నం, సంఘం తరపున వచ్చిన బడి యూనిఫాంలు కుడుతుంటె ఎనకింటి అవ్వ జాకెట్ కోసం వచ్చింది.

"ఇగ చూపొస్తదా బిడ్డా?"

ఈ 6 వారాలల్ల ఎంతమంది అడిగిండ్రో.

"రాదవ్వా. పెట్టుడు కన్ను నిలవడానికే."

"గంత దానికి నోరు కోసుకునుడెందుకే?"

నేను కాజాలు కుట్టుకుంట కూసున్న. పెండ్లిండ్లల్ల ఫోటో దిగుతుంటె మొఖం పక్కకు తిప్పుడు ఆమెకేం తెలుసు.

గురువారం మళ్ళ పోవాలె. గుంత అచ్చు తీస్తరట. రంగులు నా ఎడమ కన్ను చూసుకుంట చేత్తోనే ఏస్తరట. ఆ ఒక్క కన్నుకు దెబ్బ తగలకుండ పాలికార్బొనేట్ అని జల్ది పగలని ప్లాస్టిక్ అద్దాలు కూడ రాసిండ్రు. మిషన్ సూది విరిగి ఎగిరిన రోజులు యాదికొచ్చినయి.

రాత్రి మావోడు మామిడికాయ తొక్కు జాడీ ముంగట పెట్టిండు. ఇన్నాళ్ళు పెరుగన్నం, చల్లారిన గటుక. నాలుకతోని చెంప లోపల తడిమి చూసిన, కోసిన కాడ నున్నగ, కొంచెం గట్టిగ ఉన్నది, నొప్పి లేదు. ఒక్క ముద్ద పెట్టుకున్న. నషాళానికి అంటింది.

"అమ్మా, గా కంట్లకెల్లి కూడ నీళ్ళొస్తున్నయి!" అన్నడు వాడు.

వస్తయి. నీళ్ళ గ్రంథి పై రెప్ప మూలకు ఉంటది, దాన్ని ఎవరూ తియ్యలే. తుడుసుకొని ఇంకో ముద్ద కలుపుకున్న.