అంబేడ్కర్ పేరు పక్కన ఆ రెండు పట్టాలు

ఊరి కూడలిలో అంబేడ్కర్ విగ్రహం దిమ్మె మీద పేరు కింద ఎం.ఏ., పీహెచ్.డి., డి.ఎస్సీ., ఎల్ఎల్.డి., డి.లిట్., బార్ ఎట్ లా అని వరసగా చెక్కి ఉండటం చాలాచోట్ల చూస్తాం. అందులో ఎల్ఎల్.డి., డి.లిట్. మాత్రం గౌరవ పట్టాలు. మిగతావన్నీ చదివి, రాసి సంపాదించినవే. ఈ తేడా తెలిసి చదివితే ఆ వరస ఇంకా బరువుగా కనిపిస్తుంది.

ఉదాహరణకి పీహెచ్.డి.నే తీసుకోండి. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆదాయవ్యయాల మీద ఆయన రాసిన సిద్ధాంత గ్రంథం 1925లో పుస్తకంగా అచ్చయింది. పట్టా చేతికొచ్చింది 1927లో. అచ్చు ప్రతులు సమర్పిస్తేగానీ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో అప్పట్లో డాక్టరేట్ ఇచ్చేవారు కాదు. ఈలోగా 1923లోనే రూపాయి సమస్య మీద పరిశోధనకి లండన్ విశ్వవిద్యాలయం డి.ఎస్సీ. ఇచ్చింది.

గౌరవ పట్టాకి సిద్ధాంత గ్రంథం ఉండదు, పరీక్షకులు ఉండరు. అప్పటికే చేసిన పనే దానికి ఆధారం. 1952 జూన్ 5న కొలంబియా తన పూర్వ విద్యార్థిని పిలిచి ఎల్ఎల్.డి. ఇచ్చినప్పుడు, ప్రశంసా పత్రంలో రాజ్యాంగ రచననీ సంఘ సంస్కరణనీ మానవ హక్కుల కోసం నిలబడటాన్నీ పేర్కొంది. 1953 జనవరి 12న ఉస్మానియా డి.లిట్. ఇచ్చింది. నా దృష్టిలో గౌరవ పట్టా విలువంతా ఆ ప్రశంసా పత్రంలోనే ఉంటుంది. ఏ పనికి ఇచ్చారో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే ఆ పట్టా ఎందుకిచ్చినట్టు?

మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘కళాప్రపూర్ణ’ పేరుతో ఇచ్చిన గౌరవ పట్టాల్లో కొన్ని ఈ పరీక్షకి నిక్కచ్చిగా నిలబడతాయి. గిడుగు రామమూర్తి పంతులుగారికి 1938లో ఇచ్చారు. అప్పటికి ఆయన వ్యావహారిక భాష కోసం దశాబ్దాలుగా పోరాడుతున్నారు. పర్లాకిమిడిలో ఉండి సవరల దగ్గరే వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. జాషువాగారికి ఇచ్చింది 1970లో, అంటే ఆయన పోవడానికి ఏడాది ముందు. ‘గబ్బిలం’ వచ్చి అప్పటికి మూడు దశాబ్దాలు కావస్తోంది. ఇంత ఆలస్యం నాకు బాధగానే అనిపిస్తుంది.

పద్ధతికొస్తే, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా పాలక మండలి పేరు ప్రతిపాదిస్తుంది, ఛాన్సలర్ ఆమోదిస్తారు, స్నాతకోత్సవంలో ప్రదానం చేస్తారు. గ్రహీత దగ్గర రుసుము తీసుకోవడమనేది ఇందులో ఎక్కడా లేదు. కాబట్టి ‘మిమ్మల్ని గౌరవ డాక్టరేట్‌కి ఎంపిక చేశాం, ఫలానా హోటల్లో కార్యక్రమం, రిజిస్ట్రేషన్‌కి ఇంత కట్టండి’ అని ఫోన్ వస్తే అక్కడే ఆగిపోండి. మన దేశంలో పట్టా ఇచ్చే హక్కు ఎవరికుందో 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చట్టం 22వ సెక్షన్ చెబుతుంది: కేంద్ర లేదా రాష్ట్ర చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, విశ్వవిద్యాలయంతో సమానమైన ‘డీమ్డ్’ హోదా ఉన్నవి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు. ట్రస్టులకీ సొసైటీలకీ ఆ హక్కు లేదు. ముందు యూజీసీ వెబ్‌సైట్లో గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయాల జాబితాలో పేరు వెతకండి, తర్వాత అక్కడే ఉన్న నకిలీల జాబితా చూడండి. రెండింట్లోనూ లేకపోతే అసలుదని అనుకోవద్దు. విదేశీ పేరు చెబితే ఆ దేశంలో దానికి గుర్తింపు ఉందో లేదో చూడాలి. ఇంత మోసం ఎందుకు సాగుతోందంటే, ఆ చట్టం 24వ సెక్షన్‌లో రాసిన జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. 1956లో అది పెద్ద మొత్తమే.

పేరు ముందు ‘డాక్టర్’ పెట్టుకోవడం గురించి తరచూ అడుగుతుంటారు. రాజ్యాంగం 18వ అధికరణ బిరుదుల్ని రద్దు చేస్తూ సైనిక, విద్యా గౌరవాల్ని మినహాయించింది కాబట్టి విశ్వవిద్యాలయం పట్టా ఇవ్వడంలో తప్పేమీ లేదు. కానీ గౌరవ పట్టాతో ‘డాక్టర్’ అని రాసుకోకపోవడమే విద్యాలోకపు మర్యాద. అధ్యాపక ఉద్యోగానికి అది పీహెచ్.డి. కింద లెక్కకి రాదు. బయోడేటాలో దీన్ని విద్యార్హతల కింద కాకుండా పురస్కారాల కింద, ఇచ్చిన సంస్థ పేరూ సంవత్సరంతో కలిపి రాయాలి.

కొత్తగా విగ్రహం పెట్టేవాళ్లకీ అదే చెబుతాను. దిమ్మె మీద చోటుంటే ‘ఎల్ఎల్.డి. (గౌరవ), కొలంబియా, 1952, డి.లిట్. (గౌరవ), ఉస్మానియా, 1953’ అని చెక్కించండి.