మంత్రం కింద తొక్కిపెట్టిన కోపం

నాన్న పోయిన ఆరు నెలలకు, ఒక రాత్రి రెండింటికి గుండె ఆగిపోతోందనిపించి లేచి కూర్చున్నాను. ఊపిరి అందట్లేదు, వేళ్లు తిమ్మిరెక్కాయి. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరు పానిక్ అటాక్ అన్నారు. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, ఆ తిమ్మిరి అందువల్లేనట.

నాకు ముందు పౌరుషం వచ్చింది. 20 ఏళ్లుగా రోజూ జపం చేసేదాన్ని, నాకు మనసు జబ్బేమిటి? మాత్రలు మింగితే నా సాధన ఓడిపోయినట్టేనని చీటీ సొరుగులో పడేశాను. రెండు నెలలు! బీపీ మాత్రకు ఏ భక్తుడూ ఇంత ఆలోచించడు కదా అని ఇప్పుడు సిగ్గేస్తుంది. చివరికి వేసుకున్నాను. మొదటి రెండు వారాలు వికారం తప్ప ఏమీ తెలియలేదు. ఆరో వారానికి నిద్ర పట్టసాగింది.

కౌన్సెలింగులో ఆవిడ ఒకరోజు మామూలుగా అడిగారు: "జపం మధ్యలో ఏడుపొస్తే ఏం చేస్తారు?"

"ఇంకా గట్టిగా జపిస్తాను."

అన్నాక గానీ ఆ మాట నా చెవిన పడలేదు. నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదు. ఎంత నిబ్బరమో అన్నారంతా. సాధన ఫలమని నేనూ మురిసిపోయాను. లోపలున్నది దుఃఖమొక్కటే అయితే ఎలాగో బయటపడేదేమో. కోపం కూడా ఉంది. ఛాతీ నొప్పి వస్తోందని నాకు ఒక్క మాట చెప్పకుండా దాచుకుని వెళ్లిపోయాడని. పోయిన తండ్రి మీద కోపమేమిటి, పాపం కాదూ అని దాన్ని మంత్రం కింద తొక్కిపెట్టాను. అది రాత్రి రెండింటికి, ఆయనకు వచ్చిన చోటే, నా ఛాతీలో లేచింది.

జపం మానలేదు. నిదానంగా జపిస్తే ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు దగ్గరవుతుందని, గుండె లయకూ మేలని, 2001లో వచ్చిన ఒక ఇటలీ పరిశోధన చూపింది. మంత్రంతోనూ, క్రైస్తవుల జపమాల ప్రార్థనతోనూ అదే ఫలితం. కాబట్టి ఒంటికి మంచిదే. నేను మార్చుకున్నది వేరే. ఏదైనా పొంగుకొస్తే పూస మీద వేలు ఆపి, "ఇది కోపం", "ఇది భయం" అని పేరు పెడతాను. దాని వంతు అయ్యాకే తర్వాతి పూస.

మొన్న 60వ పూస దగ్గర ఏడుపొచ్చింది. మాల ఒళ్లో పెట్టుకుని, "ఎందుకు చెప్పలేదు నాన్నా" అని పైకే అడిగి చాలాసేపు ఏడ్చాను. ఆ రోజు 108 పూర్తికాలేదు.