లక్ష రూపాయల్లో నా చేతికి సరిపోయే పిస్టల్: డబ్బు ఎక్కడ పెట్టాలి?

విజయవాడలో పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటున్న చాలామందిలాగే నేనూ ఇంతకాలం రేంజ్‌లో అందరూ వాడే పిస్టల్‌తోనే సాధన చేశాను. ఇప్పుడు సొంతంగా ఒక ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో కాల్చేది) సమకూర్చుకోవాలని నిశ్చయించుకుని, అన్ని ఖర్చులూ కలిపి లక్ష రూపాయలు దాటకూడదని హద్దు పెట్టుకున్నాను. పేరున్న విదేశీ కంపెనీ మ్యాచ్ పిస్టల్ (పోటీల్లో వాడేది) కొత్తది కొనాలంటే ఆ ఒక్కదానికే లక్ష దాటుతుంది కనుక, ఈ డబ్బులో ఎంత దేనికి కేటాయించాలన్న విషయం మీద కొంతకాలంగా గట్టిగా ఆలోచిస్తున్నాను. పిస్టల్ మీద చెక్కిన పేరుకు కాక, అది నా చేతిలో కూర్చునే తీరుకూ, సాధనలో కాల్చే పెల్లెట్లకూ (చిన్న సీసపు గుండ్లకూ) ఎక్కువ డబ్బు వెళ్లాలన్నది నా నిర్ణయం. అందుకు కారణాలు వివరంగా రాస్తున్నాను.

నిజానికి నా మనసు మొదట పాయింట్ 22 రిమ్‌ఫైర్ పిస్టల్ (0.22 అంగుళాల తూటా కాల్చేది) మీదకే పోయింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో రజతం గెలిచింది ఈ తరహా పిస్టల్‌తోనే. పోటీ నియమాల ప్రకారం ఈ పిస్టల్ 300 మిల్లీమీటర్ల పొడవు, 150 ఎత్తు, 50 మందం ఉన్న పెట్టెలో పట్టాలి, బ్యారెల్ 153 మిల్లీమీటర్లు మించకూడదు, బరువు 1400 గ్రాములు దాటకూడదు. అందువల్ల సహజంగానే పొట్టిగా, చేతికి దగ్గరగా ఉంటుంది. తూటా అడుగున ఉండే అంచులోనే రాజుకునే మందు ఉంటుంది, పిన్ను ఆ అంచును కొట్టగానే తూటా పేలుతుంది. విదేశాల్లో కొందరు విడిభాగాలు తెచ్చుకుని తమకు నచ్చినట్లు ఇలాంటి పిస్టల్‌ను కూర్చుకుంటారు.

మన దేశంలో ఆ దారి లేదు, ఉండకపోవడమే మంచిదని నా అభిప్రాయం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడమే కాదు, మరమ్మతు చేయడం, రూపం మార్చడం, బ్యారెల్ కురచ చేయడం కూడా నేరమే. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. ఆటోనగర్‌లో లేత్ మీద ఏ భాగమైనా తీసిపెట్టగల చేయి తిరిగిన పనివారు ఉన్నారన్నది మన ఊరికి గర్వకారణమే, కానీ తుపాకీ భాగం తీయమని వారిని అడగడం వారి బతుకును ప్రమాదంలోకి నెట్టడమే. పాయింట్ 22 కావాలంటే ముందు పోటీల్లో నిలకడగా స్కోరు చూపాలి, తర్వాత క్రీడాకారుల కోటాలో లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. అంతవరకు సాధనకు 10 మీటర్ల దూరం నుంచి కాల్చే ఎయిర్ పిస్టల్ ఉంది.

ఎయిర్ పిస్టల్ అంటే బొమ్మ తుపాకీ అని తేలికగా చూసేవారికి ఒక లెక్క చెబుతాను. అర గ్రాము బరువున్న పెల్లెట్ సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో బయటకు వస్తుంది. అంటే దాని శక్తి ఐదారు జౌల్స్ (శక్తిని కొలిచే ప్రమాణం). 2016 ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు అవసరం లేని ఎయిర్ ఆయుధాలకు పెట్టిన హద్దు 20 జౌల్స్, 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం). మన పిస్టల్ ఆ హద్దుకు చాలా లోపలే ఉంటుంది. అయినా కంటికి తగిలితే చూపు పోతుంది కనుక, రేంజ్‌లో పాటించే జాగ్రత్తలన్నీ ఇంట్లోనూ పాటించాలి. ఇక లక్ష్యం మధ్యలో పది పాయింట్లు ఇచ్చే వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. పోటీలో 75 నిమిషాల్లో 60 సార్లు, ఒంటి చేత్తో, దాన్ని కొట్టాలి.

కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి నాలుగైదేళ్లు వాడిన పిస్టల్ కోసం చూస్తున్నాను. స్టెయిర్, మోరిని, ఫైన్‌వెర్క్‌బావ్, పార్డీని, వాల్తర్ వంటి కంపెనీల పిస్టళ్లు సరిగా చూసుకుంటే ఎన్నో ఏళ్లు పనిచేస్తాయి. వీటిలో కొన్నింటికి పొట్టి రకాలు కూడా ఉన్నాయి, నాలాంటి చిన్న చేతులవారికి, మణికట్టు బలం తక్కువ ఉన్నవారికి అవి అనువుగా ఉంటాయి. వాడిన పిస్టల్ కొనేటప్పుడు అందరూ బ్యారెల్‌లోకి తొంగి చూస్తారు. నేను ముందు చూసేది గాలి సిలిండర్ మీద ముద్రించిన తేదీ. 200 బార్ ఒత్తిడిని మోసే ఆ సిలిండర్‌కు తయారైన నాటి నుంచి పదేళ్లే గడువు, గడువు తీరిందో లేదో చూసుకోవలసిన బాధ్యత పోటీలో క్రీడాకారుడిదే. చౌకగా వచ్చిందనుకున్న పిస్టల్‌కు వెంటనే కొత్త సిలిండర్ కొనవలసి వస్తే ఆ చౌక ఏమీ మిగలదు. అమ్మేవారు అసలు బిల్లు చూపించలేకపోతే బేరం ఎంత బాగున్నా వదిలేయాలి.

ట్రిగ్గర్ విషయంలో మెకానికల్‌కే నా ఓటు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ నొక్కు హాయిగా, ప్రతిసారీ ఒకేలా ఉంటుందన్నది నిజమే. కానీ ఎంత మంచి పిస్టలైనా మొరాయించవచ్చు. 2021లో టోక్యో ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత రౌండ్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించి విలువైన సమయం పోయింది, ఆమె ఫైనల్‌కు చేరలేకపోయారు. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళా షూటర్ అయ్యారు. అంత పెద్ద క్రీడాకారిణికి నిపుణుల బృందం తోడుంటుంది. నా పిస్టల్ మొరాయిస్తే దగ్గరలో బాగుచేసేవారు లేరు, కనుక తక్కువ భాగాలతో పనిచేసేదే నాకు క్షేమం.

ఇక అసలు విషయం గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే పిడి. రేంజ్ పిస్టల్ గ్రిప్ మధ్యస్థమైన చేతికి చేసినది. దాన్ని పట్టుకుంటే నా అరచేతి గుంటకూ చెక్కకూ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని వేళ్లు బిగించి పూడ్చుకోవలసి వస్తుంది. పది నిమిషాలయ్యేసరికి ముంజేయి సన్నగా వణుకుతుంది, గురి చూసుకునే ముందు సైటు, వెనుక సైటు గాడిలో ఎడమకు జరుగుతుంది. ఈ రోగానికి బ్యారెల్ మార్చినా, కంపెనీ మార్చినా మందు లేదు. కళ్లు మూసుకుని చేయి ఎత్తి, తెరిచి చూసినప్పుడు సైట్లు వాటంతట అవే వరుసలో ఉంటే గ్రిప్ కుదిరినట్లని మా కోచ్ గారు మొదటి నుంచీ చెబుతున్న మాట.

గ్రిప్ సాధారణంగా వాల్‌నట్ చెక్కతో చేస్తారు, ఒక స్క్రూ విప్పితే పిస్టల్ నుంచి ఊడి వస్తుంది. కాబట్టి వడ్రంగి దగ్గరకు పిస్టల్ తీసుకెళ్లవలసిన పనే లేదు. నా పథకం ఏమిటంటే, చిటికెన వేలి వైపు, బొటనవేలి మొదట్లో ఒరుసుకుంటున్న చోట్ల ఆకురాయితో కొద్దికొద్దిగా తీయించి, అరచేతి గుంట దగ్గర పుట్టీ పెట్టి, అది మెత్తగా ఉండగానే చేతిని ఒకసారి నొక్కి అచ్చు తీసుకోవడం. ఈ పద్ధతి మన కొండపల్లి కళాకారులకు కొత్తేమీ కాదు. వారు పొణికి చెక్క బొమ్మలకు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేసి, వంపులు తీరుస్తారు. పొణికి తేలికైన మెత్తని చెక్క కనుక గ్రిప్‌కు పనికిరాదు, మక్కు చెమటకు నిలవదు, కానీ వంపు ఎక్కడ తీయాలో ఎక్కడ పెంచాలో చూసే ఆ కన్ను నాకు కావాలి. అందుకే ఈ పనిని ఆ ఊరి పనివారిలో ఒకరి చేత చేయించుకోవాలనుకుంటున్నాను. నియమాల హద్దులు మాత్రం ముందే కాగితం మీద రాసిస్తాను: గ్రిప్ మణికట్టును తాకకూడదు, కింద చేతిని ఆనించే పలక గ్రిప్‌తో 90 డిగ్రీల కంటే తక్కువ కోణంలో ఉండకూడదు, ఆ పలక అంచు పైకి వంపు తిరగకూడదు, మొత్తం పిస్టల్ 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు మించకూడదు. పైపూతగా వార్నిష్ వేయించను. మే నెలలో బెజవాడ ఎండకు అరచేతిలో పుట్టే చెమటకు నున్నని చెక్క జారుతుంది, గరుకుగా చుక్కలు చెక్కించడమే మేలు.

ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి కావలసిన బలం, 500 గ్రాములకు తగ్గకూడదు. కొందరు సరిగ్గా 500 దగ్గర పెట్టి తనిఖీలో ఇబ్బంది పడతారు, నేను మరో పది ఇరవై గ్రాములు ఎక్కువే ఉంచుతాను. ఎయిర్ పిస్టల్‌లో ఉన్న గొప్ప సౌకర్యం డ్రై ఫైర్ ఏర్పాటు. పెల్లెట్ లేకుండా, గాలి వదలకుండా ట్రిగ్గర్ సాధన చేయవచ్చు. చాలా పాయింట్ 22 పిస్టళ్లలో ఖాళీగా కొడితే పిన్ను నేరుగా తూటా కూర్చునే ఛాంబర్ అంచుకు తగిలి దెబ్బతీస్తుంది. డబ్బు చూసి ఖర్చుపెట్టే మనిషికి, ఇంట్లో తెల్లగోడ ముందు నిలబడి పైసా ఖర్చు లేకుండా సాధన చేయగలగడం చిన్న విషయం కాదు.

పెల్లెట్ల డబ్బా ఒకదానిలో 500 పెల్లెట్లు ఉంటాయి. పూటకు అరవై చొప్పున కాల్చితే ఎనిమిది పూటలకు అయిపోతుంది. అందుకే ఏడాదికి సరిపడా పెల్లెట్ల ఖర్చును ముందుగానే పక్కకు తీసి, మిగిలినదే పిస్టల్ ధరగా లెక్కవేసుకున్నాను. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక సాధన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు. గాలి నింపడానికి చేతిపంపు కొంటాను, కానీ కృష్ణా తీరపు ఉక్కలో గాలితో పాటు తేమ కూడా సిలిండర్‌లోకి వెళ్లి లోపలి వాల్వులను పాడుచేస్తుంది కాబట్టి తేమను పట్టే ఫిల్టర్ ఉన్న పంపే కావాలి. నింపిన సిలిండర్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకూడదు.

కొనుగోలు వరుస ఇలా అనుకున్నాను: ముందు సిలిండర్‌కు కనీసం ఐదేళ్ల గడువు మిగిలిన వాడిన పిస్టల్, ఆ నెలలోనే గ్రిప్ పని, తర్వాత పంపు, పెల్లెట్లు. బూట్లు, కళ్లద్దాల ఫ్రేము వచ్చే ఏడాదికి వాయిదా. ఎవరి దగ్గరైనా పొట్టి రకం పిస్టల్, కుడిచేతి చిన్న గ్రిప్‌తో, బిల్లుతో సహా అమ్మకానికి ఉంటే తెలియజేయగలరు; కొనే ముందు రేంజ్‌లో మా కోచ్ గారి ఎదుట కాల్చి చూస్తాను.