పట్టాలు తప్పిన చక్రం మళ్ళీ పట్టా ఎక్కాలంటే: నా అనుభవం

చక్రం ఆకారం సరిగ్గా కుదిరితే చాలు, పట్టాలు తప్పిన రైలు పెట్టె తనంతట తానే తిరిగి పట్టా ఎక్కేస్తుందని నేను గట్టిగా నమ్మాను. ఆ నమ్మకంతోనే ఆరు నెలలు బల్ల మీద చిన్న నమూనా పట్టా వేసుకుని ప్రయోగాలు చేశాను. చివరికి పెట్టె పట్టా ఎక్కింది. కానీ నేను అనుకున్న దారిలో కాదు. ఎక్కడెక్కడ తప్పు చేశానో, ఏది పని చేసిందో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి నమూనాలు చేసేవాళ్ళకి కొన్ని నెలల పని తప్పినా నాకు సంతోషమే.

మొదలుపెట్టింది రెండు కాగితం కప్పులతో. వాటిని మూతికి మూతి ఆనించి టేపు చుట్టి, సమానంగా పెట్టిన రెండు కర్రల మీద వదిలాను. కొంచెం వంకరగా వదిలినా అటూ ఇటూ ఊగుతూ చివరిదాకా వెళ్ళింది. అడుగుకి అడుగు ఆనించి అంటిస్తే మాత్రం జానెడు దూరం కూడా పోకుండా పడిపోయింది. రైలు చక్రం రహస్యమంతా ఈ మొదటి జతలోనే ఉంది. చక్రం పట్టా మీద నడిచే భాగం చదునుగా ఉండదు, లోపలి వైపు లావుగా, బయటి వైపు సన్నంగా వాలుగా ఉంటుంది. ఆ వాలు చాలాచోట్ల 20కి 1. పైగా రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, విడివిడిగా తిరగలేవు. చక్రాల జత 5 మి.మీ. కుడికి జరిగిందనుకోండి, కుడి చక్రం తన లావు భాగం మీద, ఎడమ చక్రం తన సన్న భాగం మీద నడుస్తాయి. రెండింటి వ్యాసార్ధాల తేడా అర మిల్లీమీటరే, అయినా ఒక్క చుట్టు తిరిగేసరికి కుడి చక్రం సుమారు 3 మి.మీ. ఎక్కువ దూరం వెళ్తుంది. దాంతో జత మొత్తం ఎడమకి తిరిగి మధ్యకి వస్తుంది. 1883లో క్లింగెల్ అనే జర్మన్ ఇంజనీరు ఈ ఊగడానికి లెక్క కట్టాడు.

కప్పులు చూశాక నాకు ఆశ పుట్టింది. పట్టా మీద ఉన్నంతసేపూ చక్రం తనను తాను సరిదిద్దుకుంటున్నప్పుడు, పట్టా దిగాక కూడా సరిదిద్దుకునేలా ఎందుకు చెయ్యలేం?

అసలు కొలతలకి పదో వంతులో నమూనా తయారు చేశాను. 1435 మి.మీ. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, నాకు 143.5 అయింది. 920 మి.మీ. చక్రం 92 అయింది. చక్రం లోపలి అంచున పొడుచుకొచ్చి ఉండే ఫ్లాంజ్ అసలు చక్రానికి దాదాపు 28 మి.మీ. ఎత్తు ఉంటుంది, నా దానికి 2.8. చక్రాలు లేత్ మీద తీయడానికి నాకు తెలిసిన ఒక మాస్టారు సాయం చేశారు. పెట్టెకి దారం కట్టి, బల్ల చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీశాను. అప్పుడు ప్రతిసారీ ఒకే బలంతో, మెల్లగా లాగుతుంది. చేత్తో తోస్తే ఏ రెండు ప్రయోగాలూ ఒకలా ఉండవు. ఈ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. రెండు వారాలు చేత్తో తోసిన లెక్కలన్నీ పక్కన పడేశాను.

మొదట ఫ్లాంజ్ మీద పడ్డాను. చక్రం పట్టాలు తప్పే ముందు ఫ్లాంజ్ పట్టా పక్కని ఒరుసుకుంటూ పైకి ఎక్కుతుంది. ఎక్కడ ఒరుసుకుంటోందో చూడాలని ఫ్లాంజ్ అంతా నీలం మార్కర్ పూసి, పెట్టెని పక్కకి నొక్కుతూ లాగాను. ఇంకు చెరిగిన చోటు చక్రం అడుగున ఉంటుందనుకున్నాను. అలా లేదు. ఫ్లాంజ్ కొస మీద, అడుగు కన్నా కాస్త ముందుకి, గోరంత వెడల్పున మెరుస్తున్న చార కనిపించింది. దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. చక్రం ముందుకి దొర్లుతున్నప్పుడు ఆ ముందు భాగం కిందికి దిగుతూ పట్టాని రుద్దుతుంది. ఆ రాపిడి తిరిగి చక్రాన్ని పైకి ఎగదోస్తుంది. అంటే చక్రం పట్టా ఎక్కేది తన సొంత రాపిడితోనే.

దీనికి వందేళ్ళకు పైబడిన లెక్క ఒకటుంది, ఫ్రెంచి ఇంజనీరు నాదాల్‌ది. చక్రాన్ని పక్కకి తోసే బలం, కిందికి నొక్కే బరువుకి ఎన్నో వంతు దాకా ఉంటే ప్రమాదం లేదో అది చెబుతుంది. ఫ్లాంజ్ వాలు 70 డిగ్రీలు, రాపిడి గుణకం 0.3 అయితే ఆ హద్దు సుమారు 1.34. రాపిడి 0.5కి పెరిగితే 0.95కి పడిపోతుంది. వాలు 60 డిగ్రీలకి తగ్గించి, రాపిడి 0.5 దగ్గరే ఉంచితే 0.66 మాత్రమే. వంపుల దగ్గర పట్టా లోపలి పక్కకి గ్రీజు పూసేది అరుగుదల తగ్గడానికే అనుకునేవాణ్ణి, చక్రం పైకి ఎక్కకుండా ఉండటానికి కూడా అది పనికొస్తుందని అప్పుడు తెలిసింది. ఇది నిష్పత్తి కాబట్టి నా చిన్న నమూనాకీ వర్తిస్తుంది. 70 డిగ్రీల ఫ్లాంజ్ సగం ఎక్కాక చెయ్యి తీసేస్తే ప్రతిసారీ జారి యథాస్థానానికి వచ్చింది. 60 డిగ్రీలది కొన్నిసార్లు అక్కడే ఆగిపోయింది.

ఇంతవరకూ చక్రమే గెలుస్తోందని సంబరపడ్డాను. అసలు కష్టం ఫ్లాంజ్ కొస దాటాక మొదలైంది.

పట్టాలు తప్పిన జతలో ఒక చక్రం పట్టా బయట పడుతుంది, రెండోది రెండు పట్టాల మధ్య పడుతుంది. బరువైన లైన్లలో వాడే, మీటరుకి 60 కిలోలు తూగే పట్టా ఎత్తు 172 మి.మీ. చక్రం అంత ఎత్తునుంచి స్లీపర్ల మీదికి, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెల మీదికి దిగిపోతుంది. నా నమూనాలో అది 17 మి.మీ. అలా దిగిన చక్రాన్ని వంగి పక్కనుంచి చూశాను. అప్పటిదాకా నేను అన్ని వాలులూ చెక్కింది ఫ్లాంజ్ బయటి పక్కన. ఇప్పుడు పట్టాకి ఎదురుగా ఉన్నది అది కాదు. బయట పడిన చక్రం తన వెనక ముఖంతో, అంటే ఇరుసు వైపున్న చదును ముఖంతో పట్టాకి ఆనుకుని ఉంది. మధ్యలో పడిన చక్రం తన బయటి ముఖంతో ఆనుకుని ఉంది, అదీ చదునే. నేను మూడు నెలలు దిద్దిన ఆకారం ఏ పట్టాకీ తగలడం లేదు.

సరే, వెనక ముఖం మీదే పని చేద్దామనుకున్నాను. ఆ ముఖం అంచు చుట్టూ ఏటవాలుగా పళ్ళు తీయిస్తే, చక్రం దొర్లేటప్పుడు ఒక్కో పన్నూ పట్టా తలని పట్టుకుని, మెట్లు ఎక్కినట్టు చక్రాన్ని పైకి లాగాలి. మాస్టారు పళ్ళు తీసిచ్చారు. పెట్టెని కొంచెం పట్టా వైపు తిప్పి లాగితే నిజంగానే ఎక్కింది! నాలుగో ప్రయత్నంలో టకటకమని చప్పుడు చేస్తూ పైకి వచ్చింది. వెంటనే మాస్టారికి చూపించాను. ఆయన చక్రాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "బాబూ, పాయింట్ల దగ్గర చెక్ రైలుకి తగిలేది కూడా ఈ ముఖమే కదా?" అన్నారు.

ఒక లైను రెండుగా చీలే చోట, రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే దగ్గర, పట్టా మధ్యలో ఖాళీ తప్పదు. చక్రం ఆ ఖాళీలో తప్పు దారి పట్టకుండా ఎదురు పట్టా పక్కన చెక్ రైలు వేస్తారు. అది చక్రాన్ని వెనక ముఖం పట్టుకునే నడిపిస్తుంది. ఇంటికి వచ్చి చెక్ రైలు ముక్క ఒకటి అమర్చి పెట్టెని లాగాను. రెండోసారే పళ్ళు దాన్ని పట్టుకున్నాయి, చక్రం చెక్ రైలు మీదికి ఎక్కి అటు పక్కకి పడింది. పట్టా ఎక్కడానికి పనికొచ్చిన పళ్ళే, బాగున్న చక్రాన్ని పట్టా తప్పించాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎంత వెతికినా దీనికి అడ్డదారి లేదు. ఎక్కే శక్తి చక్రంలో ఉంటే అది ఎప్పుడూ ఉంటుంది, పట్టాలు తప్పినప్పుడు మాత్రమే పని చెయ్యమంటే వినదు.

ఫ్లాంజ్ ఎత్తు పెంచడమూ, క్రేన్ చక్రాల్లా రెండు పక్కలా ఫ్లాంజ్ పెట్టడమూ కూడా చూశాను. రెండూ పాయింట్ల దగ్గరే ఆగిపోయాయి. అక్కడ ఫ్లాంజ్ దూరే సందు లోతు, వెడల్పు ముందే నిర్ణయమై ఉంటాయి. ఎత్తు ఫ్లాంజ్ అడుగుకి కొట్టుకుంటుంది, బయటి ఫ్లాంజ్‌కి అసలు దారే ఉండదు.

నా ఆలోచన మారింది జపాన్ సంగతి చదివాక. 2004 అక్టోబరు 23న చూయెత్సు భూకంపం వచ్చినప్పుడు తోకి 325 అనే షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) గంటకి సుమారు 200 కి.మీ. వేగంతో పట్టాలు తప్పింది. పట్టా కొన్నిచోట్ల చక్రానికీ గేరు పెట్టెకీ మధ్య ఇరుక్కోవడంతో రైలు మరీ దూరం జరగలేదు, ప్రయాణికుల్లో ఎవరూ చనిపోలేదు. అనుకోకుండా జరిగిన ఆ మేలుని తరవాత కావాలనే ఏర్పాటు చేశారు. ఆంగ్ల అక్షరం ఎల్ ఆకారంలో ఒక గైడుని ఇరుసు పెట్టె కింద బిగించారు. 2022 మార్చిలో ఫుకుషిమా దగ్గర భూకంపానికి 17 పెట్టెల షిన్‌కాన్‌సెన్‌లో 16 పట్టాలు తప్పినా, రైలు లైను వదిలి పోలేదు. చక్రాన్ని తిరిగి ఎక్కించాలని అక్కడ ఎవరూ చూడలేదు, దూరం పోకుండా పట్టుకున్నారు, అంతే.

నేను కూడా పనిని రెండుగా విడగొట్టాను. చక్రం వైపునుంచి దూరం పోకుండా ఆపడం, పట్టా వైపునుంచి పైకి ఎత్తడం. రేకు వంచి చిన్న గైడులు బిగించాను. అప్పటినుంచి పెట్టె ఎలా పడినా చక్రాలు పట్టాకి ఆనుకునే ఉంటున్నాయి. అలా ఉంటేనే తరవాతి పని సాధ్యం.

ఆ తరవాతి పనే ర్యాంపు. యార్డుల్లో పట్టాలు తప్పిన వ్యాగన్లని ఎక్కించడానికి బరువైన ఉక్కు ర్యాంపులు జతగా వాడతారు, ఒకటి పట్టా బయట, ఒకటి ఎదురు పట్టా లోపల పెట్టి మెల్లగా లాగుతారు. నేను చెక్కతో చేశాను, రెండూ ఒకే ఎత్తులో, పట్టా తలకి కొంచెం తక్కువగా. లోపలి చక్రం చక్కగా పైకి వచ్చింది. బయటి చక్రం పట్టా పక్కన గీసుకుంటూ వెళ్ళి, ర్యాంపు అయిపోగానే మళ్ళీ దబ్బున కింద పడింది. ఇలా పదిసార్లు పడ్డాక విషయం తలకెక్కింది. రెండు చక్రాలూ చెయ్యాల్సిన పని ఒకటి కాదు. లోపలి చక్రానికి తన నడిచే భాగం పట్టా తల ఎత్తుకి వస్తే చాలు, ఫ్లాంజ్ కిందే ఉండొచ్చు. బయటి చక్రం మాత్రం ఫ్లాంజ్‌ని పట్టా తల మీదుగా దాటించాలి. అంటే బయటి ర్యాంపు లోపలి దానికన్నా కనీసం ఫ్లాంజ్ ఎత్తంత ఎక్కువ ఉండాలి. నా లెక్కలో 2.8, నేను 3.5 పెంచాను. పైభాగాన్ని పట్టా వైపుకి వాల్చాను. ఇప్పుడు జత మొత్తం లోపలికి వంగి, జారాల్సిన వైపే జారుతుంది.

మళ్ళీ లాగాను. ర్యాంపులు చక్రాలతో పాటు ముందుకి జారిపోయాయి. అడుగున కొక్కెం పెట్టి స్లీపరుకి తగిలించాను. మళ్ళీ లాగాను. బయటి చక్రం మెల్లగా పైకి వచ్చి, ఫ్లాంజ్ కొస పట్టా తల మీద ఒక్క క్షణం నిలబడి, ఠక్కుమని లోపలికి దిగింది. ఎదురు చక్రం అదే క్షణంలో తన పట్టా మీదికి జరిగింది. పెట్టె ఏమీ జరగనట్టు ముందుకి సాగిపోయింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ఆ రోజు పదిసార్లు లాగితే తొమ్మిదిసార్లు ఎక్కింది.

ర్యాంపులు తీసేసి లెవెల్ క్రాసింగ్ కూడా చేసి చూశాను. నిజం లైన్లలో పట్టాలు తప్పి ఈడ్చుకుపోతున్న చక్రాలు లెవెల్ క్రాసింగ్ దగ్గర వాటంతటవే తిరిగి పట్టా ఎక్కిన సందర్భాలున్నాయి. అక్కడ రోడ్డు పట్టా తల ఎత్తు దాకా ఉంటుంది. రోడ్డు మీదికి ఎక్కిన జతని ముందూ వెనకా పట్టా మీదున్న పెట్టెలు మధ్యకి గుంజితే, ఫ్లాంజ్ తన సందు దొరకగానే అందులోకి దిగుతుంది. నా చెక్క క్రాసింగ్ మీద ఒంటరి పెట్టె దాదాపు ఎప్పుడూ ఎక్కలేదు. ముందూ వెనకా మరో రెండు పెట్టెలు తగిలిస్తే సగంసార్లకి పైగా ఎక్కింది. బొమ్మ రైళ్ళ వాళ్ళు అమ్మే పట్టా ఎక్కించే ముక్కలు లెవెల్ క్రాసింగ్‌లా ఉండటానికి కారణం అందం ఒక్కటే కాదన్నమాట.

తప్పిన ఆ పదోసారి సంగతి ఇంకా తేలలేదు. అప్పుడు చక్రాల చట్రం పెట్టె కింద పక్కకి తిరిగిపోయి ఉంది, రెండు చక్రాలూ ఒకేసారి ర్యాంపుని చేరలేదు. చట్రాన్ని దారంతో పెట్టెకి కట్టి నాలుగుసార్లు లాగాను, నాలుగుసార్లూ ఎక్కింది. ఇప్పుడు బల్ల మీద తిన్నని పట్టా తీసేసి వంపు పట్టా వేస్తున్నాను. ఫ్లాంజ్‌కి మళ్ళీ నీలం ఇంకు పూసి ఉంచాను.