హైదరాబాద్ నుంచి వచ్చిన మూడో థ్రెడ్

హైదరాబాద్‌లో రాత్రి 7:30 అయ్యేసరికి గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల నుంచి జనం క్యాబుల కోసం కిందికి దిగుతుంటారు. వేసవిలో అప్పుడు సియాటెల్‌లో పొద్దున్న 7, చలికాలంలో 6. అక్కడ పనిచేసే మనవాళ్లు లేచి మెసేజ్‌లు తెరిస్తే ఇలా ఉంటుంది: "అన్నా, సర్వర్ హ్యాంగ్ అయితుంది. మూడో థ్రెడ్ చూడు ఒకసారి, లాక్ దగ్గర ఆగింది." థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రామ్ లోపల పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి, రెండు థ్రెడ్‌లు ఒకే డేటాను ఒకేసారి మార్చకుండా వేసే తాళం లాక్. తీరా సియాటెల్ మెషీన్ మీద అదే ప్రోగ్రామ్‌ని డీబగ్గర్‌లో (నడుస్తున్న ప్రోగ్రామ్ లోపల ఏముందో చూపించే సాధనం) ఆపి చూస్తే మూడో థ్రెడ్ పనేమీ లేక పడుకుని ఉంటుంది. ఏ మూడో థ్రెడ్ అని అడుగుదామంటే అవతల లైట్లు ఆరిపోయాయి. జవాబు మర్నాడే. దేశం దాటి ఈ పని చేసేవాళ్లకు బగ్ కన్నా ఈ ఒక్కరోజు నష్టమే ఎక్కువ బాధ.

తప్పంతా ఆ "మూడు"లో ఉంది. డీబగ్గర్ తన కంటపడిన వరుసలో థ్రెడ్‌లకు తానే ఇచ్చుకునే నంబర్ అది. ఆ సెషన్ మూస్తే ఆ నంబర్‌కు అర్థం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిసిన నంబర్ వేరు, దాన్నే టీఐడీ (థ్రెడ్ ఐడీ) అంటాం. ఎల్ఎల్‌డీబీ అనే డీబగ్గర్‌లో "థ్రెడ్ లిస్ట్" కొడితే రెండూ ఒకే లైన్లో వస్తాయి: హాష్ గుర్తు పక్కన డీబగ్గర్ నంబర్, ఆ తర్వాత టీఐడీ. జీడీబీ అనే మరో డీబగ్గర్‌లో "ఇన్ఫో థ్రెడ్స్" కొట్టాలి. లినక్స్‌లో ఎల్‌డబ్ల్యూపీ అన్న అక్షరాల పక్కన ఉండేదే టీఐడీ. దానికి ముందు కనిపించే పొడవాటి హెక్స్ అంకె (పదహారు ఆధారంగా రాసేది) పీథ్రెడ్ హ్యాండిల్, అంటే లినక్స్‌లోని సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ ఆ థ్రెడ్ వివరాలు దాచుకున్న మెమరీ అడ్రస్. పీథ్రెడ్ సెల్ఫ్ అనే ఫంక్షన్ ఇచ్చేది ఈ అడ్రస్‌నే. లాగ్‌లో (ప్రోగ్రామ్ తన పని గురించి రాసుకునే ఫైల్) దాన్ని రాసేవాళ్లు చాలామంది, టీఐడీతో అది ఎన్నటికీ కలవదు. లాగ్‌లో రాయాల్సింది గెట్‌టిడ్ అనే ఫంక్షన్ ఇచ్చే విలువ. జీలిబ్‌సీ 2.30 నుంచి ఆ ఫంక్షన్ నేరుగా ఉంది, అంతకుముందు వెర్షన్లలో ఆపరేటింగ్ సిస్టమ్‌నే నేరుగా అడిగే సిస్టమ్ కాల్ చేసుకోవాలి.

డీబగ్గర్‌ని నడిపే పైథాన్ స్క్రిప్ట్ రాసేవాళ్లు మరో చోట జారతారు. ఎల్ఎల్‌డీబీలో గెట్ థ్రెడ్ ఎట్ ఇండెక్స్ 0 నుంచి లెక్కపెడుతుంది, లిస్ట్‌లో కనిపించే నంబర్లు 1 నుంచి మొదలవుతాయి. పైగా మధ్యలో ఒక థ్రెడ్ చచ్చిపోతే లిస్ట్‌లో దాని నంబర్ ఖాళీగా మిగిలిపోతుంది, దాని తర్వాతి థ్రెడ్‌ల ఇండెక్స్ మాత్రం ఒకటి తగ్గుతుంది. లిస్ట్‌లోని నంబర్‌తో వెతకాలంటే గెట్ థ్రెడ్ బై ఇండెక్స్ ఐడీ, టీఐడీతో అయితే గెట్ థ్రెడ్ బై ఐడీ. టీమ్‌లు పంచుకునే స్క్రిప్ట్‌లలో చివరిది తప్ప వేరేది వాడకపోవడమే మంచిది.

టీఐడీ కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. లినక్స్‌లో మెయిన్ థ్రెడ్ టీఐడీ, ప్రాసెస్ నంబర్ ఒకటే. మ్యాక్‌లో అది 64 బిట్ల అంకె, ఎల్ఎల్‌డీబీ దాన్ని హెక్స్‌లో చూపిస్తుంది. లాగ్‌లో డెసిమల్‌లో రాసి ఉంటే వెతుకులాటలో దొరకదు, మార్చుకుని వెతకాలి. విండోస్‌లో థ్రెడ్ ముగిశాక దాని నంబర్‌ను కొత్త థ్రెడ్‌కు ఇచ్చే వీలుంది కాబట్టి నంబర్ పక్కన టైమ్ కూడా ఉండాలి. విండోస్‌లో నడుస్తున్న ప్రాసెస్‌కు డీబగ్గర్‌ని తగిలిస్తే, దాన్ని ఆపడానికి సిస్టమ్ ఒక కొత్త థ్రెడ్‌ను లోపల పుట్టిస్తుంది. ఆగగానే కనిపించేది ఆ థ్రెడ్ స్టాకే (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో చూపే వరుస). కొత్తవాళ్లు అదే తమ బగ్ అనుకుని గంటలు పోగొట్టుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది కంటైనర్, అంటే ప్రోగ్రామ్‌ని మిగతా మెషీన్ నుంచి వేరుచేసి నడిపే పెట్టె. హైదరాబాద్‌లో కంటైనర్ లోపల రాసిన లాగ్‌లో థ్రెడ్ 47 అని ఉంటుంది. బయట హోస్ట్ (కంటైనర్‌ను నడిపే అసలు మెషీన్) మీద డీబగ్గర్ నడిపిస్తే 47 అసలు కనపడదు, 28113 లాంటిదేదో ఉంటుంది. లోపలా బయటా పీఐడీ నేమ్‌స్పేస్‌లు (ప్రాసెస్‌లకు, థ్రెడ్‌లకు నంబర్లిచ్చే లెక్కలు) వేరు కావడమే కారణం. హోస్ట్‌లో ప్రాక్ (ప్రాసెస్‌ల వివరాలు చూపే ఫోల్డర్) కింద ఆ ప్రాసెస్ ఫోల్డర్‌లోకి వెళ్లి, టాస్క్ అన్న ఫోల్డర్ తెరిస్తే ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. దానిలోని స్టేటస్ ఫైల్లో ఎన్ఎస్‌పిడ్ అనే లైన్ చూడండి: ఎడమ చివర బయటి నంబర్, కుడి చివర లోపలి నంబర్. కంటైనర్ లోపలి నుంచే డీబగ్ చేయాలనుకుంటే పీట్రేస్ (డీబగ్గర్ వేరే ప్రాసెస్‌ను పట్టుకోవడానికి వాడే సిస్టమ్ కాల్) అనుమతి ఇచ్చి నడపాల్సి రావచ్చు. మామూలు ఉబుంటు మెషీన్‌లోనూ యామా పీట్రేస్ స్కోప్ అనే భద్రతా సెట్టింగ్ 1లో ఉంటుంది, అంటే మామూలు యూజర్ నడిపే డీబగ్గర్ తాను మొదలుపెట్టిన ప్రాసెస్‌నే ముట్టుకోగలదు. "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అని వస్తే ముందు అక్కడ చూడాలి.

పేర్లు పెడితే సగం గొడవ తీరుతుంది, కానీ లినక్స్‌లో పేరుకు 15 అక్షరాలే చోటు. పేరు పెట్టే పీథ్రెడ్ సెట్‌నేమ్ ఫంక్షన్‌కు అంతకన్నా పొడవు పేరిస్తే కత్తిరించదు, ఈరేంజ్ అనే ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. ఆ ఎర్రర్‌ని ఎవరూ చూడరు. దాంతో పనులు చేసే వర్కర్ థ్రెడ్‌లన్నీ తమను పుట్టించిన థ్రెడ్ పేరుతోనే కనిపిస్తాయి. వర్కర్ నంబర్‌ను పేరు మొదట్లో పెట్టి, మిగతాది కుదించండి. మ్యాక్‌లో ఏ థ్రెడ్‌కు ఆ థ్రెడ్డే పేరు పెట్టుకోవాలి, బయటి నుంచి కుదరదు. విండోస్ 10లో 1607 వెర్షన్ నుంచి పేరు పెట్టడానికి సెట్ థ్రెడ్ డిస్క్రిప్షన్ ఉంది.

లినక్స్ కోర్ ఫైల్‌లో (ఒక క్షణంలో ప్రాసెస్ మెమరీ ఎలా ఉందో రాసిపెట్టిన ఫైల్) మాత్రం థ్రెడ్ పేర్లు ఉండవు. మెమరీతో పాటు టీఐడీలు, రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపలి విలువలు) లాంటివి ఉంటాయి. కోర్ పంపేవాళ్లు ప్రాసెస్ బతికి ఉండగానే టాస్క్ ఫోల్డర్‌లోని కామ్ ఫైళ్లన్నీ (థ్రెడ్ పేర్లు ఉండేవి) చదివి పక్కన పెట్టాలి. ప్రోగ్రామ్ బైనరీ, ఆ మెషీన్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీలు కూడా కలిపి పంపాలి, లేకపోతే సియాటెల్‌లో స్టాక్ నిండా ప్రశ్నార్థకాలే.

దూరం నుంచి నేరుగా హైదరాబాద్ మెషీన్‌కు కలుపుకోవడం కన్నా ఇలా కోర్ పంపే పద్ధతే మేలని మా అభిప్రాయం. ఎల్ఎల్‌డీబీ సర్వర్‌ను (దూరపు మెషీన్ మీద నడిచే ఎల్ఎల్‌డీబీ భాగం) ప్లాట్‌ఫామ్ మోడ్‌లో నడిపితే డీబగ్ సెషన్‌కు రెండో పోర్టు కావాలి. రెండు ఊళ్ల మెషీన్లను కలిపే నెట్‌వర్క్ టన్నెల్‌లో ఒక్క పోర్టే తెరిచి, కనెక్ట్ అయ్యాక ఆగిపోయిందేమిటని తల పట్టుకుంటారు. రెండూ తెరిచినా ఒక్కో స్టెప్‌కు బోలెడు ప్యాకెట్లు సముద్రం దాటి రావాలి. ఈలోగా ప్రాసెస్‌లోని థ్రెడ్‌లన్నీ ఆగి ఉంటాయి, హార్ట్‌బీట్ (బతికే ఉన్నానన్న సంకేతం) అందక ఏ వాచ్‌డాగో (కాపలా ప్రోగ్రామ్) దాన్ని చంపేస్తుంది.

క్యాబ్ ఎక్కేముందు జీడీబీని బ్యాచ్ మోడ్‌లో తగిలించి "థ్రెడ్ అప్లై ఆల్ బీటీ" (అన్ని థ్రెడ్‌ల స్టాక్‌లు చూపే కమాండ్) కొట్టి ఫైల్లోకి తీసి, ఇలా ఒక మెసేజ్ పెడితే చాలు: "అన్నా, ఉబుంటు, కంటైనర్ లోపల టీఐడీ 47, హోస్ట్‌లో 28113, పేరు డబ్ల్యూ12-పేమెంట్. 28101 పట్టుకున్న మ్యూటెక్స్ లాక్ కోసం చూస్తుంది. రాత్రి 7:10కి తీసిన. కోర్, పేర్ల లిస్టు, లైబ్రరీలు అదే ఫోల్డర్‌లో ఉన్నయ్."